ఉప్పు తక్కువైంది

హైదరాబాదు వారాసిగూడలో మా సందు మలుపున ఒక ఇస్త్రీ బండి ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే మా వాడలో మొదట చల్లారింది ఆ బండి మీది బొగ్గుల పెట్టే. పైన చొక్కా, కింద లుంగీ కట్టుకుని కూడా ఉద్యోగం చేయొచ్చని దేశం అప్పుడే కనిపెట్టింది. ఆ పరిశోధన ఖర్చంతా మా ఇస్త్రీ అన్న భరించాడు.

కొన్నాళ్లకు ఆయన గడప ముందు ధర్మం దిగింది. ఒక తెల్లకారు, నాలుగు సంచులు, పదకొండు మంది దాతలు, ఒక కెమెరా. సంచిలో ఐదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, నూనె ప్యాకెట్టు, రెండు సబ్బులు. సంచి మీద దాతగారి ముఖం. ఒక్క సంచికి అన్ని చేతులు పడేసరికి, పుచ్చుకునేవాడి చెయ్యి ఏదో తెలుసుకోవడానికి మసిని బట్టి పోల్చుకోవాల్సి వచ్చింది. మనిషికీ మనిషికీ ఎడం పాటించాలన్న సర్కారు ఆదేశం ఆ ఫొటోలో పట్టలేదు. "అన్నా, జర మాస్కు కిందికి గుంజు, ముఖం కనబడ్తలేదు" అన్నాడు ఫొటో తీసే పిల్లాడు.

పప్పులో పురుగులున్నాయని వారం తర్వాత నాతో చెప్పాడు అన్న.

"మరి ఇచ్చినోళ్లను అడగకపోయినవా?" అన్నాను.

"దండం పెట్టి ఫొటో దిగినంక ఇంకేం అడుగుత సార్?"

సర్కారు ఇవ్వలేదా అంటే, ఇచ్చింది. తెల్లకార్డులో పేరున్న మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు. సంచి ధర్మంతో పోలిస్తే నలుగురున్న ఇంటికి ఇది కొండంత. పైగా సర్కారుకు మన ముఖంతో పనిలేదు. దానికి కావలసింది కాగితం. ఇప్పుడైతే వేలు కూడా. అంట్లు తోమీ తోమీ గీతలు అరిగిపోయిన వేలిని ఆ మిషను మీద నాలుగుసార్లు తుడిచి తుడిచి పెట్టించుకుంటారు. పని చేసిన గుర్తు ఎక్కువైతే మనిషి గుర్తు దొరకదు.

వలస కూలీలకు కార్డు లేకున్నా 12 కిలోలు, 500 రూపాయలు అన్నారు. మంచిదే. మరి మా పైగదిలో అద్దెకుండి గ్రూప్స్‌కు చదువుతున్న పిల్లలు? క్యాంపస్ హాస్టళ్లు మూసేశారు. కార్డు ఊళ్లో, కడుపు వారాసిగూడలో. వాళ్లు వలస వచ్చినవాళ్లే గానీ కూలీలు కారు. ఉద్యోగమే వస్తే కూలీ అడిగే బాధ ఎందుకు!

ప్రైవేటు బడి పంతుళ్ల సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. బడులు మూతబడింది 2020 మార్చిలో. నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని సర్కారు చెప్పింది 2021 ఏప్రిల్‌లో. అదీ గుర్తింపు ఉన్న బడిలో చెప్పేవాళ్లకు. ఆ ఏడాదిపాటు పంతులుగారు ఏం తిన్నారని అడగడం సిలబస్‌లో లేదు.

ఈలోగా 2020 అక్టోబరులో వరదొచ్చింది. మునిగిన ఇంటికి 10,000 అన్నారు. మీసేవల ముందు బారులు కట్టాం. నవంబరు 18న ఎన్నికల సంఘం ఆపమంది, ఎందుకంటే డిసెంబరు 1న నగరపాలక ఎన్నికలు. మేమొస్తే పాతిక వేలు ఇస్తామంది ఒక పార్టీ. నీళ్లు ఎప్పుడో తీశాయి, పాట మాత్రం పెరుగుతూ పోయింది. ఎవరికి ఎంత అందిందోగానీ, ఓటరు జాబితాలో ఉన్న వరద బాధితుడంత విలువైన మనిషి ఆ నెలలో నగరంలో ఇంకొకడు లేడు.

యూనివర్సిటీ గేటు దగ్గర చాయ్ బండి వద్ద ఇదంతా తేలకపోతే ఇంకెక్కడ తేలుతుంది? "సర్కారు ఉచితాలు మనుషుల్ని సోమరుల్ని చేస్తాయి, దాతలే చాలు" అంటాడు ఒకాయన. ఆయన దానం చేసినప్పుడల్లా 80జీ రసీదు అడిగి తీసుకుంటాడు, పన్నులో మినహాయింపు కోసం. అది మాత్రం ఉచితం కాదట. "దానం అవమానం, సర్కారే ఇవ్వాలి" అంటాడు ఇంకొకాయన. ఆయన చాయ్ డబ్బులు ఎప్పుడూ మొదటాయనే ఇస్తాడు.

అసలు సర్కారెక్కడ ఆగుతుందో, దాత ఎక్కడ మొదలవుతాడో చెప్పడం ఈ దేశంలో కష్టం. పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం. అంటే, దయ కలగాలని చట్టం. 2020 మార్చి చివర్లో పీఎం కేర్స్ నిధికిస్తే అది ఈ లెక్కలోకి వస్తుందన్నారు. ఏప్రిల్ 10న, ముఖ్యమంత్రి సహాయ నిధికిస్తే రాదన్నారు. ఒకే రూపాయి ఢిల్లీ బండెక్కితే పుణ్యం, హైదరాబాదులో దిగితే వట్టి చందా. పుణ్యానికి కూడా పిన్‌కోడు ఉంటుందని మా తాతకు తెలియక పక్కింటివాళ్లకు గంజి పోసి పోయాడు.

మొన్న మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం డబ్బా దగ్గర ఇస్త్రీ అన్న కనబడ్డాడు. 2014లో నగరపాలక సంస్థ, హరేకృష్ణ వాళ్లూ కలిసి మొదలుపెట్టిన ఏర్పాటు అది. వండేది హరేకృష్ణ వాళ్లు, మిగతా ధర కట్టేది నగరపాలక సంస్థ. అప్పుడు అన్నపూర్ణ అన్నారు, ఇప్పుడు ఇందిరమ్మ అంటున్నారు. అమ్మ మారింది గానీ ఐదు రూపాయలు మారలేదు. కార్డు అడగరు, వేలు అడగరు, ఫొటో దిగమనరు. బిళ్ల పడేస్తే పళ్లెం వస్తుంది.

ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు అన్న. ముఖం చిట్లించాడు. పళ్లెం పట్టుకుని నేరుగా కిటికీ దగ్గరికి పోయాడు.

"ఏంది తమ్మీ, సాంబార్ల ఉప్పే లేదు. పైసలిచ్చినం గద?"