తలకాలువ నిండా నీ దయ

మా దివిసీమలో పెదప్రోలు కవి కాసుల పురుషోత్తముడు మా కృష్ణా తీరపు శ్రీకాకుళంలోని ఆంధ్ర మహావిష్ణువును పొగిడాడు. ఆ పొగడ్తలోనే స్వామిని నిలదీశాడు. ఆంధ్రనాయక శతకం చదివినవాళ్ళకు ఆ చనువు తెలుసు. గుడి ఆలనాపాలనా లేకుండా ఉన్న రోజుల్లో రాశాడని మా వైపు చెప్పుకుంటారు. దేవుడి మీద ప్రేమ లేనివాడు అలా అడగలేడు. దయ ఉందని గట్టిగా నమ్మినవాడే, అది నా గడప దాకా ఎందుకు రాలేదని అడుగుతాడు. ప్రభుత్వమా, నేనూ ఆ కవి నేల మీద పుట్టినవాణ్ణే. అదే చనువుతో నిన్ను స్తుతిస్తాను. ఏ పార్టీ ప్రభుత్వాన్ని అంటున్నావని అడగకు. పార్టీలు వస్తాయి, పోతాయి. మాకు మాట ఇచ్చేది ఎప్పుడూ నువ్వే.

నీది పెద్ద చెయ్యి. గన్నవరం విమానాశ్రయానికి దగ్గర్లో, కేసరపల్లిలో ఐటీ పార్కుకు నేల ఇచ్చావు. ఆ నేల మీద ఎల్ అండ్ టీ సంస్థ మేధా టవర్స్ కట్టింది. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించిన హైదరాబాదు సైబర్ టవర్స్ కట్టినదీ వాళ్ళే. అక్కడ పండిన పంట ఇక్కడా పండుతుందని బెజవాడ మొత్తం ఆశపడింది. బందరు నుంచి నూజివీడు దాకా ఇంజినీరింగు చదివే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ అద్దాల మేడ గురించి మాట్లాడుకున్నారు. మేడ లేచింది. లోపలి అంతస్తులు మాత్రం ఏళ్ళ తరబడి చాలావరకు ఖాళీగానే ఉండిపోయాయి. అయినా నువ్వు ఓర్పు వదల్లేదు. 2024 జూన్ 12న ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం ఆ కేసరపల్లి ఐటీ పార్కు ఆవరణలోనే జరిగింది. ప్రధాని వచ్చారు. రాష్ట్రం నలుమూలల నుంచీ జనం వచ్చారు. అందరికీ చోటు సరిపోయింది. అంత జాగాను అన్నేళ్ళు భద్రంగా కాపాడావు. ఆ జాగాలో కుర్చీ వేసుకుని పని చేసుకోవలసిన పిల్లలను మాత్రం ఊళ్ళో నిలుపుకోలేకపోయావు.

నువ్వు మాట నిలబెట్టుకున్న చోట పేరు పెట్టి చెప్పకపోతే నా స్తుతి అబద్ధమవుతుంది. 2018 అక్టోబరు 8న అదే కేసరపల్లిలో హెచ్‌సీఎల్‌కు శంకుస్థాపన జరిగింది. అది శిలాఫలకంతో ఆగిపోలేదు. ప్రభుత్వం మారినా ఆ భవనం పూర్తయింది, ఇవాళ అక్కడ వేలమంది పని చేస్తున్నారు. ఉయ్యూరు నుంచీ హనుమాన్ జంక్షన్ నుంచీ బండి మీద ఆఫీసుకు వెళ్ళి, రాత్రికి ఇంటికి వచ్చి అన్నం తినే పిల్లలున్నారు. ఆ ఇళ్ళ సంతోషం నాకు తెలుసు. ఒక చెట్టు అంత ఏపుగా కాసిందంటే నేల మంచిదేనని అర్థం. మరి తక్కిన విత్తనాలు ఎందుకు మొలవలేదో నువ్వే చెప్పాలి.

రాతపని మీద నీకున్న శ్రద్ధ గొప్పది. రాష్ట్రం విడిపోయాక 2014–20కి ఒక ఐటీ విధానం రాశావు. 2017లో డిజిగ్నేటెడ్ టెక్నాలజీ పార్కుల విధానం తెచ్చావు. 2021–24కి మరొకటి, 2024–29కి ఇంకొకటి. వీటిలో మంచి మాట లేనిది ఒక్కటీ లేదు. 2017 నాటిది మాలాంటి ఊళ్ళకు సరిగ్గా సరిపోయింది. ప్రైవేటు భవనాల్లో జాగా తీసుకుని నడుపుకోండి, అద్దెలో సగం నేను మోస్తానన్నావు. పది కుర్చీల కంపెనీకి అది కొండంత అండ. మంగళగిరిలో, బెజవాడలో బట్టల షాపుల పైన, బ్యాంకుల పైన కొత్త బోర్డులు వెలిశాయి. ఆ బోర్డుల వెనక ఉన్నది అమెరికాలో పదేళ్ళు పని చేసి, అమ్మానాన్నల కోసం తిరిగొచ్చినవాళ్ళు. నీ మాట నమ్మి వచ్చినవాళ్ళు.

2019లో ప్రభుత్వం మారింది. ఆ విధానం ముందుకు సాగలేదు. రావలసిన రాయితీ బకాయిల కోసం చిన్న కంపెనీలవాళ్ళు ఫైళ్ళు పట్టుకుని తిరిగారు. మా అన్నయ్య కూతురు అలాంటి ఒక కంపెనీలోనే మొదటి ఉద్యోగంలో చేరింది. ఇంటి నుంచి ఇరవై నిమిషాల దూరం. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళేది. ఒక శుక్రవారం సాయంత్రం యజమాని అందరినీ కూర్చోబెట్టి, అద్దె మొత్తం నేనే కట్టుకోలేను, హైదరాబాదు ఆఫీసుకు వచ్చేవాళ్ళు రండి, రానివాళ్ళకు ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఇస్తానని చెప్పాడట. అతని తప్పూ లేదు. మా పిల్ల ఇంటికొచ్చి, "బాబాయ్, నా సీటు పక్కన కిటికీలోంచి కొండ మీద అమ్మవారి గుడి కనిపించేది" అంది. ఉద్యోగం పోయిందని ఆ పిల్ల అనలేదు. ఆ మాట మాత్రమే అంది.

2021 విధానంలో ఒక్కో పెద్ద ఉద్యోగానికి లక్ష రూపాయల దాకా ప్రోత్సాహకం ఇస్తానన్నావు. దేశంలో ఎన్ని రాష్ట్రాలు అంత ధైర్యం చేశాయి! కాన్సెప్ట్ సిటీలుగా విశాఖ, తిరుపతి, అనంతపురం పేర్లు రాశావు. మూడూ తగిన ఊళ్ళే. రాసే చేతికి ఆ రోజు బెజవాడ గుర్తు రాలేదు. 2025లో విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకే ఇచ్చావు. పన్నెండు వేల ఉద్యోగాలు వస్తాయన్నారు. రావాలి. విశాఖలో మన పిల్లవాడికి ఉద్యోగం దొరికితే ఇక్కడ మా ఇంట్లోనూ పాయసం వండుకుంటాం. అదే ఏడాది మే నెలలో అమరావతి క్వాంటమ్ వ్యాలీ కోసం ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో ఒప్పందం చేసుకున్నావు. 156 క్యూబిట్ల క్వాంటమ్ కంప్యూటరు మా కృష్ణ ఒడ్డుకు వస్తుందంటే గర్వంగానే ఉంది. నీ చూపు పరమాణువు లోపలి దాకా వెళ్ళగలదు. ఆదివారం రాత్రి బెంజి సర్కిల్ దాకా మాత్రం రావడం లేదు.

ఒక్కసారి వచ్చి చూడు. పదిన్నర అవుతుంది. హైదరాబాదు, బెంగళూరు ప్రైవేటు బస్సులు రోడ్డు పక్కన వరసగా ఆగి ఉంటాయి. క్లీనరు టార్చిలైటు వేసుకుని సెల్‌ఫోన్‌లో పేర్లు చూసి పిలుస్తుంటాడు. వీపున ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో బట్టలకొట్టు సంచి. ఆ సంచిలో గోంగూర పచ్చడి సీసా, నూనె కారకుండా మూత మీద పాలిథిన్ కవరు, దాని మీద రెండు రబ్బరు బ్యాండ్లు. "చేరగానే ఫోన్ చెయ్యవే" అంటుంది తల్లి. "నాలుగింటికి చేరతానమ్మా, ఆ వేళప్పుడు నిన్ను లేపడం ఎందుకు, మెసేజ్ పెడతాలే" అంటుంది కూతురు. తెల్లవారుజామున దిగి, గదిలో స్నానం చేసి, తొమ్మిదింటికి లాగిన్ కావాలి. ఇలాంటి పిల్లలు ప్రతి ఆదివారం ఎన్ని బస్సుల నిండా వెళ్తున్నారో ఆ క్లీనరుకు తెలుసు. నీ లెక్కల్లో ఆ వరస లేదు.

ఆ పిల్లను చదివించినదీ నువ్వే, అందుకు నీకు చేతులెత్తి మొక్కుతాను. ఉమ్మడి రాష్ట్రంలో మొదటి ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీ 1977లో బెజవాడలోనే మొదలైంది. అదే వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ. 1980లో వడ్డేశ్వరంలో కేఎల్, 1998లో గుడ్లవల్లేరు, మైలవరం కాలేజీలు వచ్చాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు పెట్టి కౌలురైతు కూతురికీ కంప్యూటర్ సైన్సు చదువు అందేలా చేశావు. డబ్బు ఆలస్యమై, కాలేజీవాళ్ళు సర్టిఫికెట్లు ఆపిన రోజులున్నా, ఆ చదువు నీ పుణ్యమే. నాలుగేళ్ళ ఫీజు నీ ఖజానా ఇచ్చింది, హాస్టలు ఖర్చు ఆ రైతు ధాన్యం అమ్మి కట్టాడు. చదువు ముగిశాక ఆ పిల్ల నెలనెలా వృత్తిపన్ను కట్టేది తెలంగాణకో కర్ణాటకకో. ఇంత ఉదారంగా పక్క రాష్ట్రాలకు పనివాళ్ళను తయారు చేసి పంపుతున్న ప్రభుత్వం ఇంకెక్కడుంది? ఈ పొగడ్త రాస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతోంది.

పనిచేసేవాళ్ళ గురించి నువ్వు ఆలోచించలేదని అనలేను. 2025 సెప్టెంబరులో రోజు పని గంటల పరిమితిని 10కి పెంచే సవరణలు శాసనసభలో ఆమోదం పొందాయి. వారానికి 48 గంటల హద్దు దాటనివ్వలేదు, అదీ చెప్పాలి. కంపెనీకి ఎన్ని గంటలు కావాలో అడిగి తెలుసుకున్నావు. కంపెనీ మూతపడితే ఉద్యోగికి ఎన్ని నెలల ఆసరా కావాలో కూడా అడిగి ఉంటే నీ శ్రద్ధ నిండుగా ఉండేది. విధానపత్రాల్లో భూమికి రాయితీ ఉంది, కరెంటుకు రాయితీ ఉంది, అద్దెకు, స్టాంపు డ్యూటీకి రాయితీ ఉంది. వాటన్నిటికీ కారణం అని చెప్పే ఉద్యోగి చేతికి నేరుగా వచ్చేది ఏమిటని వెతికితే కాగితాలు తిరగేస్తూనే ఉండాలి.

నీకు ఇది కొత్తగా నేర్పనక్కర్లేదు. మా డెల్టా నీకు ఎప్పుడో నేర్పింది. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. పదమూడు లక్షల ఎకరాలకు నీళ్ళు. ఖరీఫుకు నీళ్ళు వదిలేటప్పుడు నాయకులొచ్చి పసుపు కుంకుమ, చీర సారె కృష్ణమ్మకు సమర్పిస్తారు. షట్టరు ఎత్తుతారు. ఫొటోలు అక్కడే తీస్తారు. ఆ నీళ్ళు నిజంగా వచ్చాయా లేదా అన్నది నాగాయలంక, కోడూరు శివారులో తేలుతుంది. పైనున్నవాళ్ళు తూము రెండంగుళాలు ఎక్కువ తెరుచుకుంటే చివరి రైతు నారుమడి పగుళ్ళు బారుతుంది. అందుకే లస్కరు ఉన్నాడు. పార పట్టుకుని కాలువ గట్టున నడుస్తూ తూములు చూసుకుంటాడు. వంతుల ప్రకారం పైవాళ్ళకు కట్టి కిందికి వదులుతాడు. బ్యారేజీ ఎంత గొప్పదైనా ఆ లస్కరు నడవకపోతే శివారుకు నీళ్ళు చేరవు.

నీ ఐటీ కాలువకు లస్కరు లేడు. కావలసింది అంత కష్టమైన పనీ కాదు. సాయం పొందిన ప్రతి కంపెనీలో ఎందరికి పీఎఫ్ కడుతున్నారో మూడు నెలలకోసారి జిల్లాలవారీగా బోర్డు మీద పెట్టు. ఒప్పుకున్న రాయితీకి గడువు తేదీ పెట్టు, కొత్త ప్రభుత్వం వచ్చి ఆపలేనట్టు చట్టంలో రాయి. కంపెనీ ఎత్తేస్తే ఆ ఉద్యోగులు ఊళ్ళోనే ఇంకో చోట కుదిరేదాకా శిక్షణ, కొన్ని నెలల భృతి ఇవ్వు. నమూనా కోసం దూరం వెళ్ళొద్దు. మన జవహర్ ఆటోనగర్‌కు వెళ్ళు. లారీ బాడీ కట్టే షెడ్డు పక్కనే కమాను కట్టల కొట్టు, దాని పక్కన పెయింటరు, ఎదురుగా టీ బండి. చిన్న జాగాలు చిన్నవాళ్ళకు దక్కాయి, ఒకరి పని ఇంకొకరికి పని తెచ్చింది, తరాల తరబడి నిలబడ్డారు. కోడు రాసే పిల్లలకూ అలాంటి పేట ఒకటి ఈ ఊళ్ళో కుదరదా?

నిన్ను ఇంతగా పొగిడింది నీ మీద నమ్మకం చావకనే. నీకు నేలా ఉంది, డబ్బూ ఉంది, మాట ఇచ్చే నోరూ ఉంది. తలకాలువ నిండా నీ దయ పారుతోంది. షట్టరు ఎత్తినవాళ్ళకు బ్యారేజీ మీదే దండలు పడతాయి. మా ఊళ్ళో మాత్రం చివరి మడి తడిసిందని లస్కరు వచ్చి చెప్పాకే ఊడ్పులు మొదలుపెడతారు. అలాంటి కబురు నీ నుంచి ఒక్కటి రానీ. ఆ రోజు దండ నేనే పట్టుకుని వస్తాను. అందులో నింద ఒక్క పూవంత కూడా ఉండదు.