యాంటీబాడీ బంధు

2021లో దళిత బంధు సాయం ముందు ఎవరికివ్వాలా అని హుజూరాబాద్‌లో తర్జనభర్జనలు పడుతుంటే, అంతకంటే పెద్ద పథకం ఒకటి చడీచప్పుడు లేకుండా పూర్తయిపోయింది. జాతీయ పోషకాహార సంస్థ సర్వే లెక్క బయటికొచ్చింది కదా, తెలంగాణలో నూటికి 60 మందికి కరోనా యాంటీబాడీలున్నాయట. శుభవార్తేనని పెద్దలు మురిసిపోయారు.

పేరు పెట్టకపోవడమే లోటు. యాంటీబాడీ బంధు అందాం. దరఖాస్తు లేదు, మీసేవ చుట్టూ తిరగక్కర్లేదు, ఎమ్మెల్యే సిఫారసు అసలే అక్కర్లేదు. మా ఖమ్మం జిల్లా కారేపల్లి తండాలకూ గూడేలకూ నేరుగా గడపలోకే బట్వాడా. ఒక్కరికి మంజూరైతే ఇంటిల్లిపాదికీ వర్తింపు. లబ్ధిదారుడు వారం రోజులు మూలుగుతూ పడుకుంటే చాలు.

మరి ఇంత ఘనకార్యానికి ఫ్లెక్సీ ఏది? పాలాభిషేకం ఏది? కట్టరు. ఎందుకంటే లబ్ధిదారులెవరూ రిజిస్టర్‌లో లేరు. 2020 డిసెంబరులో మొదలైన అంతకు ముందటి సర్వేలో, టీకా ఊళ్లకు రాకముందే, జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాల్లో నూటికి 24 మందికి యాంటీబాడీలు తేలాయి. అదే లెక్క రాష్ట్రమంతా పరిస్తే యాంటీబాడీలున్నవాళ్లు 80 లక్షలు దాటాలి. ఆ ఏడాది చివరికి సర్కారు బులెటిన్‌లో కేసులు మూడు లక్షల లోపు! రైతుబంధులో పది గుంటలు తగ్గితే తహసీల్దార్ ఆఫీసు ముందు బైఠాయించిన జనం, ఇంత తేడాకు కిక్కురుమనలేదు.

లబ్ధిదారులు లెక్కకెలా ఎక్కలేదంటారా? 2021 మే నెలే చూడండి, పరీక్ష కిట్లు అయిపోయాయంటే అందరూ ఆర్‌ఎంపీ దగ్గరికే పోయారు. వేపకొమ్మకు గ్లూకోజ్ బాటిల్ కట్టి ఆయన 'టైఫాయిడే' అన్నాడు. ఊరంతటికీ ఒకే వారంలో టైఫాయిడ్. పచ్చిపులుసు వాసన తెలియని టైఫాయిడ్. నాలుగడుగులు వేస్తే ఆయాసమొచ్చే టైఫాయిడ్. జ్వర సర్వేకొచ్చిన ఆశా అక్క గోళీల పొట్లం ఇచ్చి పోయింది. గోళీలకు లెక్కుంది, జ్వరానికి లేదు.

ఈ యాంటీబాడీలనే సహజంగా వచ్చిన రోగనిరోధక శక్తి అన్నారు. సహజమా? సర్వే వాళ్లు బతికున్నవాడి చేతికే సూది గుచ్చుతారు. ఊపిరాడక ఆటోలో ఖమ్మం బయల్దేరి దారిలోనే పోయినవాడు ఏ శాతంలోకి వస్తాడు? అప్పటికి మీ సర్కారు బులెటిన్‌లో మృతులు నాలుగు వేల లోపే, వాళ్లలో అతను లేడు. కరోనా మృతుల కుటుంబాలకు పరిహారం ఎంతో తేల్చమని సుప్రీంకోర్టు 2021 జూన్ 30న కేంద్రానికి చెప్పింది. రేపు అతని భార్య వస్తే కరోనా కాగితం ఏదంటారు. పరీక్షే చెయ్యనివాళ్లు కాగితం అడగడానికి సిగ్గుండాలి. ముందు తండా తండాకూ పోయి ఆ మే నెల చావులు రాసుకోండయ్యా, ఆ తర్వాత మురుద్దురు గాని.