మూడో క్లాసులో మళ్ళీ చేరాను

జూన్‌లో బడి తెరిచి వారం కాలేదు. కోడలు ఫోన్ పట్టుకొచ్చి, "మావయ్యగారూ, పాప టర్మ్ ప్లాన్ వచ్చింది. మీ ఫోన్‌కీ పంపాను, కాస్త చూస్తూ ఉండండి" అంది. కళ్ళజోడు తుడుచుకుని తెరిచాను. పధ్నాలుగు పేజీలు! మూడో క్లాసు చదివే మా మనవరాలు సెప్టెంబరు దాకా ఏ వారం ఏ పాఠం నేర్చుకుంటుందో, నేర్చుకున్నాక ఏమేం చేయగలుగుతుందో గళ్ళు గీసి మరీ రాశారు. ముప్పై మూడేళ్ళు సర్కారు కొలువు చేసినవాణ్ణి. ఏ శాఖలోనూ ఇంత పకడ్బందీ ప్రణాళిక నా కంట పడలేదు.

మా రోజుల్లో పిల్లాడు ఏం నేర్చుకోబోతున్నాడని ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు. 1955లో పశ్చిమ గోదావరిలోని మా ఊరి బడిలో నన్ను వేసినప్పుడు మా నాన్న మాస్టారితో అన్నది ఒక్కటే మాట: "కళ్ళూ చెవులూ వదిలేసి మిగతా ఒళ్ళంతా మీ ఇష్టం." మాస్టారు ఆ మాట అక్షరాలా పాటించారు. గోడకుర్చీ, తొడపాశం, బెత్తం అన్నీ సిలబస్‌లో భాగమే. తాటాకు పాక ఒకటి, మాస్టారు ఒకరు, తరగతులు అయిదు. ఒకటో తరగతిలో కూచుని మూడో తరగతి ఎక్కాలు వినేవాళ్ళం కాబట్టి, మూడులోకి వచ్చేసరికి అవి సగం నోటికి వచ్చేసి ఉండేవి. దీనికి ఇప్పుడు ఇంగ్లీషులో ఏదో గొప్ప పేరే ఉండాలి. అప్పుడు మాత్రం గది లేకపోవడం అనేవారు.

ఇక పుస్తకాల సంగతి. మనవరాలిది ఢిల్లీ వాళ్ళ సిలబస్. 2024లో మూడో క్లాసుకి ఎన్‌సీఈఆర్‌టీ కొత్త పుస్తకాలు తెచ్చింది. ఇంగ్లీషు పుస్తకం పేరు సంతూర్. సంతూర్ అంటే నాకు తెలిసింది ఒళ్ళు రుద్దుకునే సబ్బే. హిందీది వీణ. బొమ్మలూ పాటలూ నేర్పే పుస్తకం బాఁసురీ. అంతకుముందు ఒకటి, రెండు క్లాసుల్లో మృదంగ్, సారంగీ అయిపోయాయట. ఆ సంచీ కింద పెడితే సంగీత కచేరీ మొదలవుతుందేమోనని భయం! లెక్కల పుస్తకం మ్యాథ్స్ మేళా. మాకు లెక్కలంటే మేళా కాదు, బెత్తం పక్కన పెట్టుకుని చేసే జపం. సాయంత్రం బడి వదిలే ముందు అందరం నిలబడి ఇరవయ్యో ఎక్కం దాకా, ఆపైన పావు, అర, ముప్పావు ఎక్కాలు కూడా ఒకే గొంతుతో అప్పజెబితే ఊరికి అదే గంట. పొలంలో ఉన్న మా నాన్న ఆ హోరు విని ఎద్దుల్ని విప్పేవాడు.

లెక్కల దగ్గరే మొన్న నాకూ మనవరాలికీ తగువొచ్చింది. 302లోంచి 147 తీసివెయ్యాలి. "రెండులోంచి ఏడు పోదమ్మా, పక్కవాడి దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో. వాడి దగ్గర సున్నా, వాడు ఆ పక్కవాణ్ణి అడుగుతాడు" అని మొదలుపెట్టాను. అది పెన్సిల్ కింద పెట్టేసింది. "తాతయ్యా, అప్పు అనకూడదు. రీగ్రూపింగ్ అనాలి. మా మిస్ అలాగే చెప్పింది." ఒక వందను పది పదులుగా, ఒక పదిని పది ఒకట్లుగా విడగొట్టుకోవడమట. కాగితం మీద గీసి చూపించింది కూడా. నిజం చెప్పాలంటే మా మాస్టారు అప్పు ఎందుకు తేవాలో చెప్పలేదు, తెమ్మన్నారంతే. డెబ్బై అయిదేళ్ళకు ఆ అప్పు గుట్టు తెలిసింది. అయినా నేను అప్పు అనే అంటాను. తెచ్చుకున్నదాన్ని అప్పు అనకపోతే తీర్చాలని ఎవరికి గుర్తుంటుంది?

కానీ ఇంత రీగ్రూపింగ్ చేసే పిల్ల వీధి చివర కొట్లో చిత్తయిపోయింది. కొత్తిమీర, నిమ్మకాయలు తీసుకున్నాం. "నలభై అయిదు ఇవ్వమ్మా" అన్నాడు కొట్టాయన. అది నా చొక్కా లాగి, "తాతయ్యా, నలభై అంటే ఫార్టీయా, ఫిఫ్టీయా?" అని గుసగుసలాడింది. కొట్టాయన నవ్వలేదు. "ఫార్టీ ఫైవ్ నాన్నా" అన్నాడు. ఆయనకు అలవాటైపోయింది. ఇక్కడ తెలంగాణలో అన్ని బళ్ళలోనూ తెలుగు చెప్పి తీరాలని 2018లో చట్టం వచ్చింది, దీని బళ్ళోనూ తెలుగు పీరియడ్ ఉంది. ఈ టర్ములో ఒత్తులు పూర్తిచేస్తారని ప్లాన్లో ఒక గడి కూడా ఉంది. అంకెలు మాత్రం ఆ గడిలో లేవు. అవి లెక్కలవాళ్ళ పనట, లెక్కలేమో ఇంగ్లీషులో. 2020 విద్యావిధానం వీలైనచోట అయిదో తరగతి దాకా ఇంటిభాషలో చెప్పమంది. ఆ 'వీలైనచోట' ఎక్కడుందో మాకు కనబడలేదు. అన్నట్టు, బడిని ఒక్కదాన్నే అని లాభం లేదు. మా ఇంట్లో పాలు 'మిల్క్' అయి నాలుగేళ్ళు దాటింది. నేనూ అంటున్నాను.

మా కాలంలో లెక్కలకీ కొట్టుకీ మధ్య గోడ ఉండేది కాదు. రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు కానులు, రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఇవన్నీ రెండో తరగతిలో కంఠతా పట్టాం. పట్టి ఊపిరి తీసుకునేలోగా 1957 ఏప్రిల్ 1న నయా పైసలు దిగాయి. జూన్‌లో మూడో తరగతిలో కూచునేసరికి మా మాస్టారు బల్ల మీద కొత్త రాగి పైసా ఒకటి పెట్టి, "మీరు నేర్చుకున్న అణాలు మరిచిపోండర్రా, రూపాయికి వంద" అన్నారు. బెత్తంతో పట్టించిన ఎక్కాలు మరిచిపొమ్మంటే పోతాయా? అణాకు ఆరుంపావు పైసలు రావాలి, కానీ పావు పైసా నాణెం లేదు. అందుకని సర్కారువారి పట్టీలో అణా ఆరు, బేడ పన్నెండు, మూడణాలు పంతొమ్మిది, పావలా పాతిక. నాలుగు ఆరులు ఇరవై నాలుగేగా, మరి పావలా పాతికెలా అయింది? ఈ సందు మా బ్యాచిలో మొదట పట్టింది నేనే. పావలా జీళ్ళు ఒక్కసారి కొనకుండా, అణా చొప్పున నాలుగుసార్లు కొట్టుకి వెళ్ళాను. పైసా మిగిలింది. రెండో రోజు మూడోసారి వెళ్ళగానే కొట్టాయన చెవి పట్టుకుని నేరుగా బడికి తీసుకొచ్చాడు. మాస్టారు అంతా విని, ముందు గోడకుర్చీ వేయించారు, తర్వాత ఆ లెక్క నల్లబల్ల మీద రాసి అందరికీ చెప్పారు.

మా నాన్నకు మాత్రం ఆ కొత్త లెక్కలు నచ్చలేదు. "ఇదేం చదువురా, సున్నా ఇటు జరపడం, అటు జరపడం. పిల్లలకి బుర్రతో పనేముంది" అని అరుగు మీద కూచుని గొణిగేవాడు. ఆ గొణుగుడే నాకు ఆస్తిగా వచ్చినట్టుంది.

ఇంతకీ నా అసలు బాధ సిలబస్ మీద కాదు. పధ్నాలుగు పేజీల్లో 'విద్యార్థి చేయగలుగుతుంది' అని ఉన్న ప్రతి చోటా చేస్తున్నది నేను. మేం క్రాఫ్టు కింద తకిలీతో నూలు వడికితే ఆ నూలు మాదే, తెగితే దెబ్బలూ మావే. ఇప్పుడు క్రాఫ్టంటే రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో కబురు, తొమ్మిదింబావుకి నేను స్టేషనరీ షాపులో. ఆ వేళప్పుడు అక్కడ నిలబడ్డవాళ్ళంతా తాతయ్యలే. మొన్న పాల డబ్బాతో నేను చేసిన పెన్‌స్టాండుకి 'వెరీ గుడ్' వచ్చింది. మా మాస్టారు బతికుండగా నాకు రాని మాట అది.

పోయిన వారం పరిసరాల పాఠంలో కుటుంబవృక్షం. మొదటి యూనిటే కుటుంబాల మీద. చార్టు మీద చెట్టు గీసింది నేను, ఆకులు కత్తిరించింది కోడలు, అంటించింది మనవరాలు. మామూలుగా తాతల దాకా రాస్తే చాలు. దీనికి ఇంకో కొమ్మ మిగిలింది. "తాతయ్యా, మీ అమ్మమ్మ పేరేంటి?" అంది. నోరు తెరిచాను, మాట రాలేదు. నాకామె అమ్మమ్మ. ఊరివాళ్ళకి పెద్దమ్మగారు. మా తాత "ఏమేవ్" అనేవాడు. అరవై సంవత్సరాల పేర్లూ ప్రభవ నుంచి అక్షయ దాకా ఇప్పటికీ గుక్క తిప్పుకోకుండా చెబుతాను, ఇరవై ఏడు నక్షత్రాలూ చెబుతాను. ఈ ఒక్క పేరు ఎవరూ అడగలేదు, నేనూ నేర్చుకోలేదు.

ఊళ్ళో ఉన్న మా పెద్దక్కయ్యకు ఫోన్ చేశాను. ఎనభై నాలుగేళ్ళు. టక్కున చెప్పేసింది. "ఎందుకురా ఇప్పుడు, పిండమా?" అంది కంగారుగా. కాదు, బళ్ళో అడిగారన్నాను. "ఏ క్లాసు?" "మూడు." "నేను మానేసిందీ మూడులోనేగా" అని నవ్వింది.

పేరు ఇంగ్లీషులో రాయబోతుంటే పెన్సిల్ ఆపాను. అందులో 'ళ' ఉంది, వాళ్ళ అక్షరాల్లో అది పలకదు. నేను పక్కన రాసి చూపిస్తే, నాలుక బయటపెట్టి మూడుసార్లు చెరిపి దిద్దింది. కాస్త పక్కకి పడిపోయినట్టుంది గానీ, 'ళ' యే.

వచ్చే సోమవారం గింజధాన్యాలట. కంది, పెసర, మినుము, శనగ, ఉలవ, అలసంద, రాగి, ఏడు రకాలు అట్ట మీద అంటించి పేర్లు రాయాలి. ఉలవలు మా సందులో ఎక్కడా దొరకలేదు. ఫెవికాల్ కూడా అయిపోయింది.