అద్దెకారు దిగ్విజయము

ఐరోపా యాత్రకు వెడలువారికి అడుగకయే ఉపదేశము చేయు మహనీయులు మనలో నానాటికి వృద్ధిబొందుచున్నారు. వారి మంత్రము సులభము, శ్రవణపేయము: దూరములను రైలున దాటుము, పల్లెపట్టులను అద్దెకారున జూడుము, ఒక దేశమున గైకొన్న కారును వేఱొక దేశమున విడిచి మరల రైలెక్కుము, అచ్చట సరిహద్దులన్నవే లేవు. 1985 జూన్ 14న లక్సెంబర్గునందలి షెంగెన్ గ్రామముకడ, మొసెల్ నదిపై నిలిచిన ఓడలో, ఐదు రాజ్యముల ప్రతినిధులు చేవ్రాళ్లు చేసినమాటయు, అది 1995 మార్చి 26 నుండి అమలులోనికి వచ్చినమాటయు సత్యమే. కాని ఆ ఒడంబడికవలన గడియ లూడినది మనుష్యులకు; అద్దెకారునకు షెంగెన్ వీసా నెవ్వరును ప్రసాదించి యుండలేదు.

ప్యారిస్ నగరమున దీసికొన్న కారును మిలాన్‌లో అప్పగించెదనని యాత్రికుడు పలుకగనే కౌంటరు వెనుక గుమాస్తా చిఱునవ్వు నవ్వును. ఆ చిఱునవ్వునకు వన్‌వే ఫీజని పేరు. అది తఱచుగ వందల యూరోలు, ఒక్కొక్కప్పుడు కారు అద్దెనే మించును. ఇందు కంపెనీవారి దుర్మార్గముకంటె లెక్కయే యెక్కువ. ఫ్రెంచి నంబరుగల బండిని ఇటలీ శాఖవారు తమ ఊరి బేరములకు యథేచ్ఛగ త్రిప్పుకొనజాలరు. పన్నులు, భీమా, రిజిస్ట్రేషను, అన్నియు అడ్డము వచ్చును. కావున ఎవడో యొక జీతగాడు దానిని వెనుకకు దోలుకొని పోవలయును. వాని కూలి, పెట్రోలు, రహదారి టోలు, మోబ్లాన్ సొరంగపు సుంకము సమస్తమును ముందుగనే సమర్పించి, తాను దాటిన ఆల్ప్స్ పర్వతములను పేరెఱుగని డ్రైవరునకు మఱియొక పర్యాయము చూపించు మన యాత్రికుని వంటి దాత పురాణములందును అరుదు. ఇది విన్నవించినచో ఉపదేశకులు, తీసికొన్నచోటనే తిరిగి యిమ్మందురు. అప్పుడు రైలు దేనికో వారే సెలవీయవలయును.

జెనీవా విమానాశ్రయము సంగతి మఱింత రసవంతము. అది స్విస్ నేలపై నున్నను, అందు ఫ్రాన్సువారికొక భాగము కలదు; ఆ భాగమున కారు చవుకయని మన గురువులు చెవిలో నూదుదురు. చవుకయే. కాని ఆ కారును మరల ఆ భాగముననే అప్పగింపవలయును, దానికి దారి ఫ్రాన్సువైపునుండి. రైలుస్టేషనో, స్విస్ భాగమున. పైగా ఫ్రెంచి కారునకు స్విస్ రహదారి చీటీ యుండదు. ఆ దేశమున రోజునకో వారమునకో చీటీ యమ్మరు; ఒక్క గంట పెద్దరహదారిని త్రొక్కినవాడును సంవత్సరమంతటికి 40 ఫ్రాంకులు చెల్లింపవలసినదే. పక్కనున్న ఆస్ట్రియావారు ఈ విషయమున కొంత దయాళువులు, ఒక్క దినమునకును చీటీ యిత్తురు.

ఇక దూరములను రైలునకు వదలుమన్న మాట. లిస్బన్, మాడ్రిడ్ ఇరుగుపొరుగు రాజధానులు. రెండు దేశములును ఐరోపా సమాజమున 1986లో ఒక్కనాడే చేరినవి. సంప్రదాయపు పట్టాల వెడల్పు సైతము రెంటికి నొక్కటే, 1668 మిల్లీమీటర్లు. లేనిది రైలొక్కటే. 2020లో ఆగిన రాత్రిబండి మరల కదలలేదు. బడహోస్ వంటిచోట బండి మారుచు దినమంతయు గడపవలయును. పట్టాల కొలతయే వేఱైన ప్యారిస్, బార్సెలోనాల నడుమ మాత్రము, 1435 మిల్లీమీటర్ల క్రొత్త మార్గము వేసికొని, 2013 నుండి నేరుబండ్లు పరువులిడుచున్నవి. సరిహద్దు చెఱిపిన చోట రైలు లేదు, రైలున్న చోట సీటు రిజర్వేషను లేనిదే పాసు చెల్లదు, సీటు దొరికి దిగిన చిన్న ఊరిలో ఆదివారమగుటచే కారు కార్యాలయము తలుపు తీయదు.

సరిహద్దును రైలునకు విడిచి, కారును ఒక్క దేశమున, ఒక్క ఊరిలో తీసికొని, ఆ ఊరిలోనే యిచ్చివేయుడని చెప్పుట యేమంత కష్టము? కాని అందు దిగ్విజయ మెక్కడిది? అందుచేతనే మనవాడు ఆర్టీవో కార్యాలయమున అంతర్జాతీయ పర్మిటు సంపాదించి, ఫ్లోరెన్స్ నడిబొడ్డున కెమెరాలు కావలి కాయు నిషిద్ధప్రాంతమున కారు దోలి, హోటలు చేరితినని సంతసించును. విదేశీయునికి జుల్మానా చీటీ పంపుటకు ఇటలీ చట్టము 360 దినములు గడు విచ్చినది. చిరునామాను పోలీసులకు తెలిపినందుకు కారు కంపెనీ రుసుము మాత్రము అంతకు పూర్వమే కార్డునుండి కోసికొనును. ఆ చీటీ విజయవాడ చేరునాటికి ఉపదేశకులు క్రొత్త శిష్యబృందమునకు స్కాండినేవియాను బోధించుచుందురు.