150 గ్రాముల పెనం, 30 కిలోల గ్యాస్ బండ

కార్తీకమాసం ఆదివారాల్లో తిరువూరు చుట్టుపక్కల ఏ మామిడితోట చూసినా పొగే. పూత రావడానికి ఇంకా వ్యవధి ఉంటుంది కాబట్టి తోటలవాళ్ళూ అడ్డు చెప్పరు. తోటలో ఉసిరిచెట్టు ఉందా సరే, లేదా ఓ ఉసిరికొమ్మ విరుచుకొచ్చి మామిడిచెట్టుకి కట్టేస్తే వనభోజనం శాస్త్రోక్తమైపోతుంది. కులానికో తోట, తోటకో షామియానా, షామియానాకో మైకు. ఇవన్నీ ఏళ్ళ తరబడి చూస్తున్నవే. ఈ మధ్య వీటి సరసన కొత్తగా వచ్చి చేరింది క్యాంపింగ్ పెనం.

హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో దిగిన అల్లుడుగారి బ్యాగులో ఉంటుందది. దానికో వల సంచి, ఆ సంచికో తాడు. పిడి మడత పడుతుంది. బరువు 150 గ్రాములట. అట్టపెట్టె మీద మంచుకొండ బొమ్మ, దాని కింద విమానాల్లో వాడే టైటానియం అని గొప్పగా ఓ మాట. విమానంలో టైటానియం ఎందుకు వాడతారో అడక్కుండానే తెలుస్తుంది. అది గాల్లోకి లేవాలి. వంకాయ వేపుడు గాల్లోకి లేవక్కర్లేదు, మాడకుండా ఉంటే అదే పదివేలు.

ఇంతకీ ఈ పెనం తోటలోకి ఎలా వచ్చిందో చూడండి. ముందు టాటా ఏస్ బండి వస్తుంది. అందులో 25 కిలోల బియ్యం బస్తా, గుండిగలు, డేగిసాలు, ప్లాస్టిక్ కుర్చీలు, జనరేటరు, మనిషెత్తు సౌండు బాక్సులు. కట్టెలు తడిగా ఉంటాయేమోనని ముందుజాగ్రత్తగా ఓ గ్యాస్ బండ. లోపలి గ్యాస్ 14.2 కిలోలు, బండ ఇనుము ఇంకో పదిహేను కిలోలు, వెరసి ముప్పై. ఆ వెనకాలే ఏసీ కారులో అల్లుడుగారూ, వారి ఒళ్ళో 150 గ్రాములూ. కారు ఆగిన చోటికీ పొయ్యికీ నడుమ పట్టుమని యాభై అడుగులుండవు. ఆ యాభై అడుగుల్లో వీపు నొప్పి రాకుండా ఉండడానికి నాలుగంకెల ధర పోసి కొన్నారు.

బరువు లెక్క చూసుకోవాల్సినవాళ్ళు లేకపోలేదు. 2014 మే 25న మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆ అమ్మాయితో పాటు మనకు పక్కనే ఉన్న ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. అంత ఎత్తున గ్రాము గ్రాముకీ లెక్క ఉంటుంది, ఎవరూ కాదనరు. కానీ అక్కడ చేసే వంట ఏపాటిది? మంచు కరిగించుకోవాలి, నీళ్ళు కాచుకోవాలి, పొట్లంలోది వేడి చేసుకోవాలి. నీళ్ళు కాచడానికి టైటానియం గిన్నె భేషుగ్గా ఉంటుంది. అడుగున ఎక్కడ మంట తగిలినా, వేడెక్కిన నీళ్ళు పైకి, చల్లనివి కిందికి వాటంతటవే తిరుగుతాయి. గుడ్డు అలా తిరగదు. పోసినచోటే ఉంటుంది, మంట తగిలినచోటే మాడుతుంది.

అమ్మేవాళ్ళు చెప్పని ముక్క ఇంకోటుంది. టైటానియం తేలికైన లోహమే, కానీ ఇనుముతో పోల్చినప్పుడు మాత్రమే. మన సిల్వరు గిన్నెల అల్యూమినియంతో పోలిస్తే అది బరువు. ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు తూగితే, టైటానియం 4.5 తూగుతుంది. ఒకే మందంలో రెండు పెనాలు చేయిస్తే విమానం లోహంవాడిదే చెయ్యి లాగుతుంది. అలాంటప్పుడు 150 గ్రాములకి ఎలా దిగింది? రేకుని వీలైనంత పలచగా సాగదీసి దిగింది. పోనీ పలచనైనా వేడిని నలుగుదిక్కులకీ పంచుతుందా అంటే, అల్యూమినియం పంచేదానిలో పదోవంతు పంచడం కూడా దానికి కష్టమే. ఇన్ని అవలక్షణాలున్నదాన్ని పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినా తేలిక తేలిక అన్న ఒక్క మాట మీదే సంబంధం ఖాయమైపోతోంది.

అలా ఖాయమైన సంబంధం ఒకటి పొయ్యి మీద ఎలా కాపురం చేసిందో దగ్గరుండి చూశాను. గుండిగకి సరిపడేట్టు పేర్చిన మూడు రాళ్ళ పొయ్యి అది. ఇరవై సెంటీమీటర్ల పెనం రాళ్ళ మీద ఆనలేదు, నడుమలోకి జారింది. రెండు ఇనపఊచలు తెచ్చి అడ్డం పెట్టారు. ఈసారి ఆనింది కానీ పిడి బరువుకి వెనక్కి ఒరిగింది. పెనం కన్నా పిడే బరువన్నమాట. ఒకరు పిడి పట్టుకుని కూర్చున్నారు. తుమ్మమొద్దు మంట పక్కనుంచి లేచి పిడి తొడుగుని నాకితే సిలికాన్ కాలిన కంపు. నూనె పోశారు. పలచని అడుగు వేడికి మధ్యలో ఉబ్బడంతో నూనెంతా అంచులకి పారిపోయింది. గుడ్డు కొట్టి పోస్తే నడిమిన రూపాయిబిళ్ళంత మేర నల్లగా మాడింది, చుట్టూ తెల్లసొన పచ్చిగానే వణుకుతోంది.

మరదలు పిల్ల ఊరుకుంటుందా? "బావా, ఇది అట్టు పోయడానికా, హారతివ్వడానికా?" అంది.

బావగారు కంగారు పడలేదు. "మంట ఎక్కువైంది మరదలా, దీన్ని సిమ్‌లో పెట్టి వాడాలి" అన్నారు.

తుమ్మమొద్దుకి సిమ్ ఎటువైపు తిప్పాలో అక్కడ చేరిన పెద్దవాళ్ళెవరికీ తెలియలేదు.

ఇదే జాతిలో రెండో రకం నల్లపూత పెనం. అంటుకోదు, నూనె అక్కర్లేదు, డాక్టరుగారు కూడా మెచ్చుకుంటారని దాని ప్రచారం. ఆ పూత పుట్టిన కథ మంచిదే. 1938 ఏప్రిల్‌లో అమెరికాలో డ్యుపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త ఫ్రిజ్‌లలో వాడే వాయువు కోసం ప్రయోగాలు చేస్తుంటే, సిలిండరులో గ్యాస్ బదులు తెల్లటి పొడి మిగిలింది. అదే టెఫ్లాన్. ఇంట్లో గ్యాస్ స్టవ్ మీద, సన్నని మంట మీద దోసె పోసుకోవడానికి ఇబ్బందేమీ లేదు. 260 డిగ్రీలు దాటితే మాత్రం ఆ పూత పాడవడం మొదలెడుతుంది, ఇంకా కాలితే పొగలొదులుతుంది. ఆ పొగకి వంటింట్లో పంజరంలో ఉన్న చిలకలు చచ్చిపోతాయి, మనుషులకి జ్వరం తగులుతుంది. కట్టెల మంట ఆరేడు వందల డిగ్రీలు సునాయాసంగా దాటుతుంది. ఇనప అట్లకాడ తగలకూడదు, పీచు తగలకూడదు, చివరికి నిప్పు కూడా తగలకూడదు. అలాంటిదాన్ని నిప్పుల వంటకని తోటకి మోసుకొస్తారు.

మరి మన ఇనప పెనం మాటేమిటంటే, వేడి పంచడంలో అదీ అల్యూమినియం ముందు దిగదుడుపే. అబద్ధమెందుకు? దాని పనితనమంతా మందంలో ఉంది. నిదానంగా వేడెక్కుతుంది, వేడెక్కాక వదలదు. కిలో వంకాయ ముక్కలు ఒక్కసారి పడ్డా దిమ్మెరపోకుండా వేపుతుంది. మంట ఓ పక్కకి ఎగదన్నినా, గాలి తిరిగినా పెనం మీద ఉన్నదానికి ఆ సంగతి పెద్దగా తెలియనివ్వదు. దాన్ని సాకడం కూడా తేలికే. కడిగి, తుడిచి, పొయ్యి మీద తడి ఆరనిచ్చి, సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి నాలుగు రుద్దులు రుద్దాలి. కొన్నాళ్ళకి దానికీ నల్లపూత వస్తుంది. ఆ పూత గీసుకుపోయినా దిగుల్లేదు, ఇంకో ఉల్లిపాయతో తిరిగొస్తుంది.

నిజంగా సామాను మోసుకు తిరుగుతూ ఆరుబయట వండుకునేవాళ్ళు మన ఊరికి కొత్త కాదు. మిర్చి కోతలకి వచ్చే కూలీలు పిల్లాజెల్లాతో చేలగట్ల మీద దిగుతారు. గొర్రెలకాపరులు మందల వెంట పోతూ దారిలోనే పొయ్యి పెట్టుకుంటారు. విజయవాడ నుంచి జగదల్‌పూర్ వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి తిరువూరు మీదుగానే పోతుంది కదా, లారీ పక్కకి ఆపి క్లీనరు కుర్రాడు వండే కోడికూర వాసన ఎప్పుడైనా తగిలితే ఆగి చూడండి. వీళ్ళలో ఎవరి దగ్గరా మంచుకొండ బొమ్మ పెట్టె ఉండదు. సొట్టలు పడిన సిల్వరు గిన్నె ఉంటుంది. అన్నం అందులోనే, అది వేరే దాన్లోకి తీసేశాక కూరా అందులోనే. తేలిక వంటసామానంటే మనకేదో నిన్నగాక మొన్న విమానంలో దిగినట్టు మాట్లాడతారు గానీ, 1898లోనే ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో అల్యూమినియం గిన్నెలు చేయించడం మొదలుపెట్టాడు. అప్పుడు మనమూ మద్రాసు రాజధానిలోని వాళ్ళమే.

అంతకన్నా తేలికది కావాలంటే మారేడుమిల్లి వెళ్ళండి. పచ్చి వెదురు బొంగు నరికి, మసాలా పట్టించిన కోడిమాంసం దట్టించి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల్లో పడేస్తారు. నూనె చుక్క పడదు. ఆ బొంగుని ఇంటినుంచి మోసుకెళ్ళక్కర్లేదు, తిరిగి తెచ్చుకోనక్కర్లేదు, తోమనే అక్కర్లేదు. బరువు సున్నా గ్రాములు. దీన్ని పెట్టెలో పెట్టి ఇంకా ఎవరూ ఎందుకు అమ్మడం లేదో ఆశ్చర్యమే.

వీపున సంచితో నిజంగానే కొండలెక్కే కుర్రాళ్ళకి మాత్రం వెటకారం లేకుండా ఓ మాట. వేపుడే కావాలంటే టైటానియం జోలికి పోకండి. రెండు మిల్లీమీటర్లకి తగ్గని అల్యూమినియం పెనం, గట్టి అనోడైజింగ్ చేసినది, ఇరవై రెండు సెంటీమీటర్ల లోపుది తీసుకోండి. పిడి లేనిదైతే ఇంకా మంచిది, పట్టకారు ఉంటే సరిపోతుంది. చిన్న గ్యాస్ స్టవ్ మంట నడిమినే పడుతుంది కాబట్టి పెనాన్ని మంట మీద మెల్లగా తిప్పుతూ ఉండాలి.

ఇక బరువు తగ్గించే ఈ గొడవంతా ఎవరి బరువు గురించో కూడా చెప్పుకోవాలి. తోటలో ఆ ఒక్క ఆమ్లెట్టూ ఫోటోలకెక్కాక అల్లుడుగారు పేకాటలో కూర్చుంటారు. పెనం అడుగున వేలెడు మసి. గుండిగలకైతే ఆడవాళ్ళు పొయ్యెక్కించే ముందే అడుగున మట్టి పూసి ఉంచారు, నీళ్ళు పోస్తే మసితో సహా ఊడిపోతుంది. ఈ పెనానికి మట్టి పూస్తే పాడవుతుందని అల్లుడుగారు వద్దన్నారు. మెత్తటి స్పాంజితోనే కడగాలని పెట్టె మీద ఉందట. తోటలో స్పాంజి ఎక్కడిది? ఇల్లాలు బూడిదా కొబ్బరిపీచూ పెట్టి తోమింది. సాయంత్రం పెనం తిరిగి సంచిలో పెట్టుకుంటూ, గీతలు పడ్డాయని వారు పావుగంట బాధపడ్డారు. అవతల ఇద్దరాడవాళ్ళు చెరో కొసా పట్టుకుని గుండిగ బండిలోకి ఎక్కిస్తున్నారు. దాని బరువెంతో ఏ పెట్టె మీదా రాసి లేదు.

వచ్చే కార్తీకానికి 90 గ్రాములది వస్తోందని చెబుతున్నారు. దానికి పెట్టే డబ్బుతో బజారులో ఇనప పెనం, సిల్వరు గిన్నె, పట్టకారు, అట్లకాడ అన్నీ వచ్చి ఇంకా మిగులుతుంది. మిగిలింది తోమే మనిషి కూలిలో కలపండి. పేకముక్కలు ఆ పూటకి ఆడవాళ్ళకిచ్చి గరిటె మీరు పట్టుకోండి బావగారూ, నలభై మందికి వేపుడు మీరు వేపండి. ఇనప పెనం మరీ బరువనిపిస్తే అప్పుడు చెప్పండి, గుండిగ దించడానికి ఎలాగూ ఇంకో మగమనిషి కావాలి.