ఓపీ చీటీకి టీకా తాత్పర్యం

మూలం: బాబుకు తలస్నానం చేయించి, నూనె రాయక, రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పాత రిపోర్టులతో ఉదయం 9 గంటలకు రావలెను.

అవతారిక: రెండుసార్లు ఫిట్స్ వచ్చిన అయిదేళ్ల బాలుని ఈఈజీ పరీక్ష నిమిత్తము, పిల్లల న్యూరాలజిస్టుగారి ఓపీలో సిస్టరు చీటీ వెనుక అనుగ్రహించిన వచనమిది.

ప్రతిపదార్థం: తలస్నానం చేయించి = షాంపూతో రుద్ది, ఆరబెట్టి; నూనె రాయక = నాయనమ్మ కంట పడనీయక (జిడ్డు తలకు ఎలక్ట్రోడ్లు సరిగా అంటవు); ఆలస్యంగా పడుకోబెట్టి = తాము అంతకన్నా ఆలస్యంగా పడుకొని; పాత రిపోర్టులతో = పుట్టిన ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, టీకాల కార్డు, వాడుతున్న మందు సీసాలతో; 9 గంటలకు = టోకెను కోసం 8కే; రావలెను = వచ్చి, పిలిచేదాకా కూర్చోవలెను.

తాత్పర్యం: సులభము. చిక్కంతా మూలంలో లేని మాటలతోనే.

విశేషాలు: తాతగారు ఇచ్చట ‘పరగడుపున’ అని అధ్యాహారం చేసిరి. అది అపవ్యాఖ్య. మామూలు ఈఈజీకి పిల్లవాడు ఇడ్లీ తినే రావచ్చు; ఆకలేసి ఏడ్చేవాడు నిద్రపోడు. మత్తు ఇస్తామన్నప్పుడే పస్తు సంగతి, ఎన్ని గంటలో వారే చెబుతారు. ‘ఫిట్స్ మందు మానవలెను’ అనీ మూలంలో లేదు. చెప్పకుండా మానితే ఫిట్స్ తిరగబెట్టవచ్చు.

నిద్ర తగ్గించుట ఏల? నిద్రలోకి జారేవేళ, మెలకువలో కనపడని తేడాలు గీతల్లో బయటపడవచ్చు. కాబట్టి బస్సులో కునుకు నిషిద్ధం. బాబాయి దారి పొడుగునా ‘అదిగో లారీ, ఇదిగో జేసీబీ’ అని లేపుతూనే ఉండెను. ఆసుపత్రి గేటు ముందర బాబాయే గుర్రుపెట్టెను.

డాక్టరు అడుగునది మాత్రం చీటీలో లేదు. పుట్టగానే ఏడ్చాడా? ఫిట్స్ వచ్చినప్పుడు కళ్లు ఎటు తిరిగాయి? ఒక పక్కే కొట్టుకుందా? ఎంతసేపు? తల్లి రెండు నిమిషాలనును, తండ్రి పావుగంటనును. ఆ కాస్సేపటి ఈఈజీ బాగున్నంత మాత్రాన మూర్ఛ లేదని కాదు. రిపోర్టుల సంచీ ఎంత లావున్నా, ఫోన్లో తీసిన అర నిమిషం వీడియో అంతకన్నా పనికొస్తుంది.

కనుక మళ్లీ ఫిట్స్ వస్తే ఒకరు బాబును పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఇంకొకరు ఫోన్ తీయండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టకండి. అయిదు నిమిషాలు దాటితే వీడియో ఆపి 108కి ఫోన్ చేయండి.