అప్పు రేపు: టీకా తాత్పర్య సహితం

మూలం రెండే మాటలు. గోదావరి జిల్లాల్లో కిరాణా కొట్లోనో కాకా హోటల్లోనో గల్లాపెట్టె వెనక, లక్ష్మీదేవి పటానికి కాస్త కింద, మేకుకి వేలాడే రేకు ముక్క మీద ఉంటుంది. పసుపు రంగు మీద ఎర్రక్షరాలు. అగరొత్తుల పొగకి పైఅంచు నల్లబడి ఉంటుంది. ‘రే’ మీది ఏత్వాన్ని పెయింటరు సరదాకొద్దీ కొడవలిలా సాగదీసి ఉంటాడు. కర్త ఎవరో తెలియదు, ఛందస్సు లేదు, మంగళాచరణం సంగతి పైనున్న పటం చూసుకుంటుంది. కాళిదాసుకి వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు ఒట్టులో మొదటి సగానికి కట్టుబడతాడు. రెండో సగం అడక్కండి. ఇలాంటి బోర్డులూ, లారీ వెనక రాతలూ, పాత అగ్గిపెట్టెల బొమ్మలూ, అచ్చుతప్పుల శుభలేఖలూ పోగేసేవాళ్ల మీద లోకం మోపే నేరం సరిగ్గా అదే కదా, అక్కర్లేనివి ఏరుకుంటారని.

ప్రతిపదార్థం. అప్పు అనగా తిరిగి ఇస్తానని పుచ్చుకున్న సొమ్ము. ఇక్కడే మొదటి చిక్కు. కొట్లో ఇచ్చేది సొమ్ము కాదు, సరుకు. దానికి సరైన మాట అరువు. అందుకే ‘అరువు రేపు’ అనీ, ‘నేడు రొక్కం రేపు అరువు’ అనీ పాఠాంతరాలున్నాయి. అర్థాన్ని బట్టి అరువే మేలు, కానీ ‘అప్పు’కీ ‘రేపు’కీ చివర ‘పు’కారం కలిసింది గనక లోకం శబ్దానికే ఓటేసింది. రేపు అనగా ఎల్లుండికి ముందురోజు. ఇదే మాట క్రియ అయితే మంట రేపు, గాయం రేపు అన్నట్టు రెచ్చగొట్టడం. ‘తగవులను’ అని అధ్యాహారం చేసుకుంటే, అప్పు తగవులను రేపును అని రెండో అర్థం వస్తుంది. షావుకారు మనసులోది ఇదేనని నా అనుమానం. ఇక మూడోది. సంస్కృతం నుంచి వచ్చిన అప్పుకి నీరని అర్థం నిఘంటువుల్లోనే ఉంది. అప్పుడు మూలానికి ‘నీళ్లు రేపు’ అని తాత్పర్యం.

ఈ మూడో అర్థం దగ్గర నవ్వి ముందుకి పోకూడదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాలవలు వచ్చాయి, తొలిపంట సార్వా నిలదొక్కుకుంది, తర్వాత రెండో పంట దాళ్వా కూడా. నీళ్లు చాలని ఏడు దాళ్వాకి వంతులు పెడతారు. అప్పుడు శివారు రైతుకి కాలవ చెప్పే మాట ‘రేపు’. ఆ రైతే కొట్టుకెళ్లి పప్పూ నూనే ఖాతాలో రాయించి, పంట చేతికొచ్చాక ఇస్తానంటాడు. నీటి రేపు జరిగితేనే అప్పు రేపు తీరుతుంది. బోర్డు రాసిన మనిషి శ్లేష తలపెట్టాడని నేననను. శ్లేష ఊళ్లో ఉంది. బోర్డు దాని కింద వేలాడింది. నా వాదమల్లా ఇంతే: వింతని ఏరుకునేవాడు దానితోపాటు ఊరునీ ఏరుకోవాలి.

దీనికో ఆక్షేపం ఉంది. ఈ హాస్యం మన ఒక్కరి సొత్తా? ఇటలీ కొట్లలో కూడా ఇవాళ అరువు లేదు, రేపు ఉంది అని రాసి పెట్టుకుంటారే, మరి ఊరు పేరెందుకు? సమాధానం. చమత్కారం ఒకటే కావచ్చు, ‘రేపు’ ఒకటి కాదు. నెలజీతం మీద బతికే పేటలో రేపంటే ఒకటో తారీఖు. డెల్టాలో రేపంటే కుప్పనూర్పు. ఊరు చెరిపేసి ఫోనులో ఒకరికొకరు పంపుకునే బొమ్మలో ఈ తేడా మిగలదు. నవ్వు మాత్రం మిగులుతుంది, అదీ మూడోసారికి పలచబడుతుంది.

ఇంకో ఆక్షేపం పెద్దల నుంచి వస్తుంది. పద్యాలు సేకరిస్తే పాండిత్యం, రేకుముక్కలు సేకరిస్తే పనిలేనితనం అని. రాజమండ్రిలోనూ ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాల్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేసేనాటికి, వాటిని కావ్యాల సరసన కూర్చోబెట్టడానికి మన పండితులు చాలామందికి మనసొప్పలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యమణిమంజరిలో చేర్చినవాటిలో ఎన్నో సభలోనో సత్రంలోనో ఎవరో ఎవర్నో వెక్కిరించినవి, పూటకూటింటి మీద విసుక్కున్నవి. ఫలానా కవి, ఫలానా సందర్భం అన్న కథ (నిజమో కాదో) వెంట ఉండబట్టే అవి చాటువులుగా నిలిచాయి. ఛందస్సు లేదంటారా, నిజమే, ఆ లోటు ఒప్పుకుంటాను. అయితే ఛందస్సున్న చాటువు అప్పివ్వకుండా ఎవర్నీ కాపాడలేదు.

మరి ఈ మూలం కాపాడుతుందా? పోల్చదగ్గ గ్రంథం ఒకటుంది. ఒకప్పుడు మన ఊళ్లలో ఇంటి తలుపుల మీద, గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నారు. కన్నడిగులు ‘నాళె బా’ అని రాశారు. రాత్రి వచ్చిన దయ్యం అది చదివి వెనక్కి పోతుంది. మర్నాడు వచ్చినా మళ్లీ అదే రేపు. రెండు మూలాలకీ తర్కం ఒకటే, కానీ దయ్యం నిజాయితీపరురాలు. చదువుకుంది, చదివినదాన్ని నమ్మింది, మాట మీద వెళ్లిపోయింది. ఖాతాదారుడు బోర్డు కిందే నిలబడి, దాన్ని చదివి, నవ్వి, అరకిలో కందిపప్పు కట్టమంటాడు. షావుకారు కట్టి పద్దు రాసుకుంటాడు. కాబట్టి ఇది శాసనం కాదు, మొహమాటాన్ని గోడకి అప్పజెప్పడం. తను అనలేని మాట రేకు అనేసింది.

ప్రస్తుతం ప్రతులు తగ్గుతున్నాయి. ఫ్లెక్సీలు వచ్చి కుంచె పట్టిన చేతులకి పని తగ్గింది, గల్లా దగ్గర చోటంతా క్యూఆర్ స్టిక్కర్లది. అలాంటి స్టిక్కరు ఎక్కడైనా ‘రేపు’ మీద అతికితే బోర్డు మీద మిగిలేది ‘అప్పు’ ఒక్కటే. ఆ ప్రతి దొరికినవారు ఊరూ తేదీ వేసుకుని, పక్కన ‘ఇక్కడ గ్రంథపాతం’ అని రాసుకోవాలి. దాన్ని చూపించి సరుకు అడగవచ్చునా అన్నది ధర్మశాస్త్రం చదివినవాళ్లు తేల్చాలి.